మంగళవారం కత్తెర పడని ప్యాంటు

మొన్న మా మనవరాలు తన జీన్సు ప్యాంటు వదులుగా ఉందని, ఇంట్లోనే బిగుతు చేసుకుంటానని కత్తెర పట్టుకొని కూర్చుంది. ఫోనులో ఎవరో చేస్తుంటే చూసిందట. ప్యాంటును తిరగేసి, సుద్దముక్కతో గీత గీసి, గీత మీద గుండుసూదులు పెట్టి, గీత అవతలి గుడ్డను కోసెయ్యబోతోంది.

"ఆగు," అన్నాను. "కత్తెర కింద పెట్టు. ముందు అది తొడుక్కొని నేల మీద మోకాళ్ళు ముడిచి గొంతుకు కూర్చో."

"నేనెప్పుడు నేల మీద కూర్చుంటానవ్వా?"

"నువ్వు కూర్చుంటావో లేదో గుడ్డకు తెలీదు. కూర్చో."

విసుక్కుంటూ కూర్చుంది. గుండుసూదులు పెట్టిన చోట మోకాలి దగ్గర గుడ్డ బిర్రుగా లాగింది. "అయ్యో" అని లేచి, నా వైపు చూసి, "నీకెట్లా తెలుసు?" అంది. నేను చదివింది మూడో తరగతి. నాకు తెలిసినవన్నీ ఏదో ఒకటి పాడైపోబోతుంటే తెలుసుకున్నవే. ఈ ప్యాంటు సంగతి కూడా అంతే. అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు. నన్ను ఆదోనికి ఇచ్చారు. నేను కాపురానికి వచ్చేనాటికి మా ఆయన పత్తి మిల్లులో బోరాలు మోసేవాడు. గుడ్డ సంచిలో పత్తి కుక్కి కుక్కి నింపితే మనిషంత ఎత్తు ఉంటుంది బోరా. దాన్ని వీపు మీద వేసుకొని బండి దాకా నడవాలి. పెళ్ళయిన మూడో ఏడు ఒక బోరా కింద నడుము కలుక్కుమంది. ఆ తర్వాత పొద్దున లేవాలంటే గోడ పట్టుకొని లేచేవాడు. బయటికి మాత్రం ఏమీ లేనట్టు నడిచేవాడు. మోయలేడని తెలిస్తే రేపటి నుంచి పిలవరు.

అట్లాంటప్పుడు ఒక సోమవారం సాయంత్రం, మా అత్త దీపం వెలిగించిన కాసేపటికి, ఆయన చంకలో ఒక మూట పెట్టుకొని వచ్చాడు. మూట విప్పితే నీలం రంగు గుడ్డ. ముతక, మందం, నిలబెడితే నిలబడేటట్టుంది.

"షాఫ్టు కాడ పని ఇస్తాడంట మేస్త్రి," అన్నాడు. "ఆయిలు పోసే పని. మోసేది లేదు."

మా అత్త చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. మోసేది లేదంటే సంతోషమే, కాని ఆ షాఫ్టు మాట వింటే మా పేటలో ఎవరికైనా భయమే. షాఫ్టు అంటే మిల్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగే ఇనుప కడ్డీ. దాని మీంచి ఒక్కో యంత్రానికి ఒక్కో తోలు పట్టా. అన్నీ ఆగకుండా తిరుగుతుంటే, మధ్యలో దూరి కీళ్ళకు నూనె పొయ్యాలి. మా ఆయనకు ముందు ఆ పని చేసినవాడి పంచె కొస పట్టాలో పడి, కాలు లాక్కుపోయింది. మనిషి బతికాడు. పాదం నుజ్జయింది. వాణ్ణి తీసి గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు.

"అందుకే పంచె కట్టుకొని రావద్దన్నాడు," అన్నాడు మా ఆయన. "నిక్కరేసుకొని వస్తానంటే ఉడుకు ఆయిలు మోకాళ్ళ మీద పడతాదన్నాడు. ప్యాంటే ఉండాలంట. నాకు యాడుంది అంటే ఆయప్పదే పాతది ఇచ్చినాడు. గుంతకల్లులో ఇంజన్ల కాడ పని చేసేటప్పుడు కుట్టించుకున్నేదంట. జీను గుడ్డ."

"మేస్త్రిదా!" అంది మా అత్త. మేస్త్రి బొజ్జ ఆదోనిలో తెలియని వాళ్ళు లేరు. "దాంట్లో మన ఇంటోల్లమంతా పడతాము గదరా."

"అదే సెప్పినాడు. ఒంటికి పట్టినట్ల బిగించుకొని బేస్తవారం మిల్లు మొదుటి కూతకు రమ్మన్నాడు. గుడ్డ యాడన్నా సేతికి దొరికితే గేటు లోపలికి రానియ్యడంట. ఇంకోడు కాసుకోనుండాడు."

ఆ మూట ఆ రాత్రి దండెం మీద వేలాడింది. రెండు కాళ్ళూ రెండు బస్తాల్లాగ.

మంగళవారం పొద్దున్నే దాన్ని తీసుకొని దర్జీ సాయిబు దగ్గరికి పోయాను. రంజాను పండగ ముందర రోజులు. అంగడి నిండా తెల్లగుడ్డలు, పసిపిల్లల జుబ్బాలు, మిషను కనబడకుండా. ఆయన తల ఎత్తకుండానే, "పండగైనాక రామ్మా," అన్నాడు.

"బేస్తవారానికి కావాల సాయిబూ."

అప్పుడు తల ఎత్తి, నేను ఎత్తి పట్టుకున్నదాన్ని చూశాడు. "అది ప్యాంటు గాదమ్మా, డేరా. దాన్ని మనిషికి అతకాలంటే దినమంతా పడతాది. పిల్లోల్ల గుడ్డలు ఇయ్యకుంటే వాల్ల తల్లులు నన్నీడనే పాతేస్తారు. నన్నిడిసిపెట్టు."

ఇంకో దర్జీ దగ్గరికి పోయినా అదే మాట చెబుతాడని తెలుసు. ఇంటికి వచ్చి చాప మీద ప్యాంటు పరిచాను. నాకు రైకలు కుట్టడం వచ్చు. బొంతలు కుట్టడం వచ్చు. ప్యాంటును అంతకుముందు చేత్తో ముట్టుకున్నది కూడా లేదు. తిరగేసి కుట్లన్నీ వెతుక్కున్నాను. బయటి వైపు ఒక కుట్టు, జేబు అక్కడే ఉంది. లోపలి వైపు ఒక కుట్టు. వెనక నడుము దగ్గర ఒకటి. జేబు ఉన్న వైపు ముట్టుకుంటే జేబు చెడుతుంది. కాబట్టి లోపలి వైపే బిగించాలి. అంతవరకు నా బుర్రకు అందింది. కత్తెర కోసం లేచాను.

"ఏమే, ఏం ఎతుకుతాండావు?" మా అత్త వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది.

"కత్తెర, అత్తా."

"ఈ పొద్దు మంగళారం. నా ఇంట్లో మంగళారం గుడ్డకు కత్తెర పడదు."

"పడకుంటే ఎట్ల? ఇంతింత గుడ్డ ఎక్కువుంది."

"సూది పెట్టుకో, వద్దన్నానా? కత్తెర మాత్రం పెట్టద్దు. కొత్త పనికి పొయ్యే గుడ్డ. దానికా కత్తెర, ఈ పొద్దా?"

వాదించలేదు. నాకూ లోపల గుడ్డ కొయ్యాలంటే చెయ్యి ఆడదు. మగ్గం మీద ఒక్కో పోగు వేసి నేసే ఇంట్లో పుట్టినదాన్ని. కోసి పారేసిన గుడ్డ మళ్ళీ అతకదు. సరే, కొయ్యకుండా లోపలికి మడిచి కుట్టేద్దాం అనుకున్నాను.

కొలత కావాలి. మా ఆయన ఆ రోజు బోరాల పనికే పోతూ గడప దాటబోతుంటే ఆపాను. మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న నూలు కండె ఉండేది. ఆ నూలు పోగులు కొన్ని కలిపి పేని, మైనం రాసి దారం చేసుకున్నాను. ఆ దారంతోనే కొలత కూడా.

"నిలబడు. కదలకుండా, రాయి మాదిరి," అన్నాను.

ఆయన గోడకు ఆనుకొని నిలబడ్డాడు. తొడ చుట్టూ దారం తిప్పి ఒక ముడి, మోకాలి చుట్టూ ఒక ముడి, పిక్కకు ఒకటి, చీలమండకు ఒకటి. మధ్యలో ఒక వేలు దూరేంత వదులు.

"సక్కిలిగిలి పెడతాండావు."

"పట్టాలో పడితే అప్పుడు పెడతాది సక్కిలిగిలి. కదలద్దు."

ఆయన నవ్వు ఆపేశాడు. అనకూడని మాట అన్నానని మా అత్త నా వైపు ఒక చూపు చూసింది.

ఆ రోజంతా ఆ గుడ్డతోనే సరిపోయింది. జీను గుడ్డ సూదికి లొంగదు. రైక గుడ్డకు అలవాటైన సూది రెండుసార్లు వంగింది. గోనెసంచులు కుట్టే దబ్బనంతో ముందు చిల్లి చేసి, ఆ చిల్లిలోంచి దారం లాగాను. వేళ్ళ కొసలు నీలంగా అయ్యాయి. తొడ నుంచి చీలమండ దాకా ముడుల ప్రకారం ఒక్క గీతగా కుట్టుకుంటూ వచ్చి, మిగిలిన గుడ్డను లోపలికి తిప్పి అక్కడక్కడ టాకా వేశాను. నడుము దగ్గర వెనక వైపు పెద్ద మడత వేశాను. మా అత్త మధ్యలో వచ్చి చూసిపోయేది. ఏమీ అనలేదు. అనలేదంటే బాగుందని అర్థం.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కొని తొడుక్కోబోయాడు. కాలు దిగింది, దిగింది, మడమ దగ్గర ఆగిపోయింది. చీలమండ కొలత తీశాను కాని, అందులోంచి పాదం దూరాలని తట్టలేదు. గబగబా కింద జానెడంత కుట్టు విప్పాను. అప్పుడు ఎక్కింది. ఎక్కాక చూస్తే, తొడలకు, పిక్కలకు అతికినట్టుంది. మా అత్త చుట్టూ తిరిగి గుడ్డను గిల్లి చూసింది. వేళ్ళకు దొరకలేదు.

"దొర మాదిరి ఉండావు," అంది కొడుకుతో.

"దొరకు ఆకలైతాంది, రొట్టె పెట్టు," అని ఆయన కంచం ముందు కూర్చోబోయాడు.

బట్ట చిరిగినప్పుడు వచ్చే శబ్దం వేరు, కుట్టు తెగినప్పుడు వచ్చే శబ్దం వేరు. టపటపటప అని వరసగా తెగింది, మోకాలి దగ్గర నుంచి పైదాకా. ఆయన సగం వంగి అట్లాగే నిలబడిపోయాడు. రొట్టె చేత్తో పట్టుకొని మా అత్త అట్లాగే నిలబడింది.

మాకు ముగ్గురికీ ఆ సంగతి ఎందుకు తట్టలేదా అని తర్వాత ఆలోచించాను. మేం ప్యాంటు వేసుకున్న మనుషుల్ని చూడకపోలేదు. పోలీసులు, రైలు గార్డు, తాలూకా కచేరీలో ఒకరిద్దరు. వాళ్ళందరినీ నిలబడి ఉన్నప్పుడు చూశాం, లేదంటే కుర్చీలో చూశాం. నేల మీద కూర్చున్న ప్యాంటును మేం చూసి ఉండలేదు. ప్యాంటు అంటే నిలబడే గుడ్డ అని మా కళ్ళకు పడిపోయింది. మా ఇంట్లో మనిషి మాత్రం తినాలన్నా, పని చెయ్యాలన్నా నేల మీదే. షాఫ్టు కింద గొంతుకు కూర్చునే కదా ఆయిలు పొయ్యాల్సింది!

"పంచె కట్టుకొనే పోతా," అన్నాడు ఆయన. "బిగ్గట్టిగా కట్టుకుంటే..."

"ఆయప్ప కూడా బిగ్గట్టిగానే కట్టుకోనుండె," అన్నాను, గేటు దగ్గర కూర్చున్న మనిషిని తలుచుకొని. ఆయన రొట్టె నిలబడే తిన్నాడు.

గురువారానికి ఇంకా ఒక దినం ఉంది కదా అనుకున్నాను. కాని బుధవారం పొద్దున్నే మిల్లు మనిషి వచ్చి తలుపు తట్టాడు. అప్పటిదాకా షాఫ్టు కాడ చూసుకుంటున్న మనిషికి జ్వరం, బేస్తవారం దాకా ఆగేది లేదు, ఈ పొద్దే రమ్మంటున్నాడు మేస్త్రి, రాకుంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు, రెండో కూత లోపల గేటు కాడ ఉండాలి అని చెప్పి, నీళ్ళు కూడా తాగకుండా పోయాడు.

మొదటి కూత అప్పటికే వినబడింది.

"గొంతుకు కూసో," అన్నాను మా ఆయనతో. నిక్కరుతో ఉన్నాడు. కూర్చున్నాడు. నిన్నటి దారమే మోకాలి చుట్టూ తిప్పాను. ముడి ముడిని చేరలేదు. మధ్యలో నాలుగు వేళ్ళ ఎడం. మనిషి కూర్చుంటే మోకాలు అంత పెరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తొడ దగ్గర ఇంకా ఎక్కువ.

మా అత్త కత్తెర తెచ్చి చాప మీద పెట్టింది. "ఈ పొద్దు బుదారం. కావాలంటే కోసుకో. మడత అడ్డమొస్తాదేమో."

నేను దాన్ని పక్కకు తోశాను. నిన్న కోసి ఉంటే ఈ రోజు ఎక్కణ్ణుంచి తెచ్చేదాన్ని నాలుగు వేళ్ళ గుడ్డ? తెగిన దారాలన్నీ పీకి, మోకాలి దగ్గర, తొడ దగ్గర మడతలోంచి గుడ్డ వదిలాను. మోకాలి కింది నుంచి మాత్రం నిన్నటి గీత మీదనే పోయాను. పట్టాలు తిరిగేది కింద. పైన కొంచెం వదులున్నా ఫరవాలేదు, పిక్క దగ్గర, చీలమండ దగ్గర గుడ్డ ఆడకూడదు. ఒక కాలు నేను కుడుతుంటే ఇంకో కాలికి మా అత్త దబ్బనంతో చిల్లులు పెడుతూ పోయింది. చూపు ఆనకపోయినా వేలితో తడుముతూ పెట్టింది. ఆయన గడప దగ్గర నిలబడి వీధి వైపు, మా వైపు చూస్తున్నాడు.

"ఇంగెంతసేపు?"

"నువ్వు మాట్లాడితే ఇంకాసేపు."

తొడుక్కున్నాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కుట్టు నిలిచింది. నిలవంది ఒక్కటే. మడమ దూరడం కోసం కింద విప్పిన జానెడు గుడ్డ చీలమండ దగ్గర రెక్కలాగ ఆడుతోంది. పట్టా పట్టుకునేది సరిగ్గా అక్కడే. దాన్ని తొడుక్కున్నాక కుట్టాలి తప్ప ఇంకో దారి లేదు. నేను సూదిలో దారం ఎక్కించి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"వద్దు!" మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒంటి మీదుండే గుడ్డకు సూది పెట్టకూడదు. అది సచ్చినోల్లకు సేసేది. నా కొడుకు బతికుండాడే."

"బతికుండాలనే కుడతాండా, అత్తా."

ఆమె చెయ్యి వదల్లేదు. అంతకుముందు ఎప్పుడూ నేను ఆమె మాట దాటింది లేదు. ఆ నిమిషం దాటాల్సి వస్తే దాటేదాన్నే. దాటాక ఆ ఇంట్లో ఎట్లా ఉండేదో నాకు తెలియదు. ఆయన మాత్రం, "అమ్మా, టైమైతాంది," అన్నాడు మెల్లగా.

మా అత్త నా చెయ్యి వదిలి, దారపు ఉండ తీసుకొని, ఒక ముక్క పళ్ళతో తెంపింది. దాన్ని కొడుకు నోటికి అందించింది.

"పండ్ల మధ్య పట్టుకో. ఇడవద్దు. మాట్లాడద్దు. దారం నోట్లో ఉంటే దోసం లేదంటారు పెద్దోల్లు." అని, ఆయన పాదం ఎత్తి తన ఒడిలో పెట్టుకుంది. "ఊఁ, కుట్టు. జల్ది కుట్టు."

నేను కుట్టాను. గుడ్డకూ చర్మానికీ మధ్య చోటు లేదు. సూది రెండుసార్లు కాల్లో దిగింది. ఆయన వేళ్ళు ముడుచుకున్నాయి గాని నోరు తెరవలేదు. రెండో కాలి కుట్టు ముడి వెయ్యడమూ, ఆయన పరిగెత్తడమూ ఒకటే అయింది. సందు మలుపు తిరిగాక రెండో కూత వినబడింది. గేటు లోపలికి పోయాడో లేదో మాకు తెలియదు.

పొద్దెక్కేదాకా వెనక్కి రాలేదు. రాలేదంటే లోపలికి పోయాడని ఒక మనసు. లోపలికి పోయాడంటే షాఫ్టు కింద ఉన్నాడని ఇంకో మనసు. మా అత్త వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీసింది. తీసిన చింతపండునే మళ్ళీ మళ్ళీ వెతికింది.

మధ్యాహ్నం సద్ది తీసుకొని నేనే పోయాను. గేటు దగ్గర ఆ పాదం నుజ్జయిన మనిషి ఉన్నాడు. లోపల షాఫ్టు హోరు. నేల అదురుతూనే ఉంది. బోరాలు మోసేవాళ్ళు తలల మీద తెల్లటి పత్తి దుమ్ముతో ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. మా ఆయన రాలేదు.

"అన్నా, మా ఆయన...?"

"ఆ మూగాయప్పనా?" అన్నాడు అతను.

"మూగేందన్నా? ఏమైంది?"

"ఏం గాలేదు తల్లీ, ఉలిక్కిపడద్దు. పొద్దున మేస్త్రి కాల్లు రెండూ గిల్లి గిల్లి సూసినాడు, గుడ్డ దొరకలా. గొంతుకు కూసోమన్నాడు, కూసున్నాడు. లెయ్యమన్నాడు, లేసినాడు. ఎవురు కుట్టినార్రా అంటే తల ఊపుతాడు గాని పలకడు. మాట పడిపోయిందా అంటే దానికీ తల ఊపుతాడు. పోనీలే, మాట్లాడనోడు పని సేస్తాడు అని లోపలికి తోలినాడు." అతను తన కాలి వైపు ఒకసారి చూసుకున్నాడు. "మంచిగా కుట్టినారు."

ఆయన ఆఖరున వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నల్లటి నూనె. కళ్ళు తప్ప ముఖమంతా పత్తి నూగు. నేను ముందు కాళ్ళు చూశాను. చీలమండల దగ్గర కుట్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"బాగుండావా?" అన్నాను.

తల ఊపాడు. పెదవులు కొంచెం తెరిచి చూపించాడు. పళ్ళ మధ్యన దారం ముక్క, పొద్దున మా అత్త పెట్టింది పెట్టినట్టు.

ఉమ్మమని చెప్పడం మేమందరం మరిచిపోయాం. ఆయనకు ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఉమ్మలేదు. పని అయ్యేదాకా నోట్లో ఉండాలనుకున్నాడేమో. "ఉమ్మేయ్, తిను," అన్నాను. అడ్డంగా తల ఊపాడు. దారాన్ని నాలుకతో దవడలోకి తోసుకొని, ఇంకో వైపు రొట్టె నమిలాడు. అక్కడే, గేటు పక్కన నేల మీద, గొంతుకు కూర్చొని.

సాయంత్రం ఇంటికి వచ్చాక కుట్లు విప్పితే గాని ప్యాంటు రాలేదు. నేను ఒక్కో కుట్టూ తెంపుతుంటే మా అత్త కొడుకు నోటి కింద అరచెయ్యి పట్టింది. ఆఖరి కుట్టు తెగాక ఆయన దారాన్ని ఆ చేతిలో ఉమ్మాడు. ఆమె దాన్ని పొయ్యిలో వేసి, అది కాలేదాకా చూసి, అప్పుడు నన్ను 'ఏమే' అనకుండా పేరు పెట్టి పిలిచి అన్నం పెట్టమంది. మర్నాటి నుంచి కింద కుట్టు బదులు నా రైక హుక్కులు పీకి లోపలి వైపు పెట్టాను. రోజూ ఆ భయం పడడానికి మాకెవరికీ ఓపిక లేదు.

ఆ ప్యాంటు చాలా ఏళ్ళు వేసుకున్నాడు. నడుము కుదిరి, ఒళ్ళు చేశాక ఒకసారి మడతలోంచి ఇంకాస్త గుడ్డ వదిలాను. పైన అంతా వెలిసి బూడిద రంగుకు వచ్చింది. మడతలో దాగిన గుడ్డ మాత్రం ఆ సోమవారం మూట విప్పినప్పుడు ఉన్నంత నీలంగా ఉంది.

మనవరాలు కత్తెర పక్కన పెట్టేసింది. గుండుసూదులు తీసి, మళ్ళీ కూర్చొని పెట్టుకుంటోంది.